చెప్పకుండా పుచ్చుకున్న క్షమ

“ఈసారి కూడా మీ అమ్మ ఆ మాట అనకపోతే?”

త్సాంకో కూతురు యోవానాని అడిగాడు. గులాబీ తోటల ఊరు కార్లోవోలో అది క్షమాపణల ఆదివారం. వంటింట్లోంచి జున్ను పొరల రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. అరవై దాటిన మనిషి, లెక్క తప్పిన బడిపిల్లాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు. యోవానా చంకలో పిల్లాణ్ణి సర్దుకుంది.

త్సాంకో బతుకంతా గులాబీ నూనె బట్టీ దగ్గరే గడిచింది. ఒక ఏడు పూలకాలంలో కోతకి బిస్త్రా అనే ఆమె వచ్చింది. బస్తా దించుతూ, అతని కాలిన చెయ్యి చూసి, మంటతో కూడా సరసమేనా అని నవ్వింది. ఆ కోతలు అయ్యేదాకా ఇద్దరూ చాటుగా కలుసుకున్నారు. అది ప్రేమేనని అతను ఎన్నడూ బుకాయించలేదు. ఒట్టి మోజు. పూలు అయిపోయాక ఆమె దారిన ఆమె పోయింది. భార్య నెవెనాకి ఏమీ తెలియలేదు.

ఆ చలికాలం చివర ఇదే ఆదివారం వచ్చింది. ఊళ్ళో అందరూ అందరినీ క్షమించమనే రోజు. దేనికని ఎవరూ అడగరు. త్సాంకో భార్య చేతిని ముద్దుపెట్టుకుని “క్షమించు” అన్నాడు. నెవెనా చేతినిండా పిండి. “క్షమించాను, దేవుడూ క్షమించాలి” అంది పొయ్యి వైపే చూస్తూ. అతని గుండెల మీంచి బండ దిగింది. పాపం కొట్టుకుపోయిందనే నమ్మాడు.

తర్వాతెప్పుడో ఎవరి నోటో పడి విషయం నెవెనా చెవిన పడింది. ఏడ్చింది, తిట్టింది. అంతటితో సర్దుకునేదేమో. త్సాంకో నోరు జారాడు.

“అప్పుడే క్షమించేశావుగా నువ్వు.”

“దొంగసచ్చినోడా,” అంది నెవెనా. “నువ్వు ఎత్తుకుపోయింది నేను ఇచ్చినట్టా?”

ఆమె వదిలి వెళ్ళలేదు. వండిపెట్టింది, జ్వరమొస్తే పక్కనే కూచుంది, అతని జోకులకి నవ్వింది కూడా. కానీ ఏటా ఆ ఆదివారం పొరుగింటి తాగుబోతుని సైతం క్షమించేది గానీ, మొగుడు చెయ్యి పట్టుకోబోతే మాత్రం రొట్టె చల్లారిపోతోంది తినమనేది.

ఈసారి త్సాంకో చెయ్యి పట్టుకోలేదు. బల్ల ముందు కూచుని జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. యోవానా లేచి వెళ్ళబోతే తల్లి ఉండమంది. బిస్త్రా పేరు చెప్పాడు. ఆమె వలేమీ వెయ్యలేదని, కావాలనుకున్నది తనేనని చెప్పాడు. ఏమీ ఎరగని మనిషి దగ్గర ఆ మాట కాజేశానని చెప్పాడు.

నెవెనా శుభ్రంగా ఉన్న బల్లనే చాలాసేపు తుడిచింది.

“అప్పుడే ఇలా చెప్పుంటే నాలుగు తన్నైనా క్షమించేదాన్ని, త్సాంకో. ఇప్పుడు వెతుక్కున్నా ఆ మాట దొరకట్లేదు.”

తర్వాత రొట్టెలో పెద్దముక్క కోసి అతని కంచంలో పెట్టింది. అతను తలొంచుకుని తిన్నాడు.

సాయంత్రం కూతుర్ని సాగనంపుతూ అతను ఒకే మాట అన్నాడు. మొగుడి దగ్గర సరే, మాటలైనా రాని పిల్లాడి మీద విసుక్కున్నప్పుడు కూడా యోవానా ఇప్పుడు దాన్నే పాటిస్తోంది.

“క్షమించమనే ముందు, దేనికో చెప్పమ్మా. చెప్పే ధైర్యం లేకపోతే అడక్కు.”