పదకొండు వరుసల తర్వాత పెట్రోలు

ఆ రోజుల్లో ఫిర్యాదు కూడా మర్యాదగానే చేసేవాళ్లం. ఇప్పుడు మా మనవడు కార్డు ముక్క మీద రెండు మాటలు గీకి కంపెనీ వాణ్ని కడిగి పారేస్తాడు. మా కాలంలో ముందు సాహెబుగారి ఆయురారోగ్యాలు, తర్వాత వారి వంశం గొప్పతనం, ఆ పైన కాగితం మిగిలితే మన కష్టం. ఆ మర్యాద పుణ్యమా అని ఒకసారి మా బాపు, ఒక సాహెబు, బస్సెడు జనం ఒక్కసారే కాలి బూడిద కావలసింది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. అర్జీ రాసింది నేనే కాబట్టి తప్పు ఇంకెవరి మీదా నెట్టలేను.

యుద్ధం రోజులవి. వరంగల్లులో చాలా బస్సులు బొగ్గు మీద నడిచేవి. తొర్రూరు పోయే మా బస్సు మాత్రం పెట్రోలుది. పెట్రోలు దొరకడమే గగనమంటే, దొరికినదాంట్లో కొంత ఆ బస్సు దారికే ధారపోసేది. ముందు సీటు కిందున్న ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే గొట్టం పగిలింది. కొత్తది వేయించమంటే బస్సు సేటు "లడాయి అయినంక చూద్దాం" అనేవాడు. డ్రైవరు ప్రతి ట్రిప్పుకూ బట్టల సబ్బు మెత్తగా పిసికి పగులు మీద అంటించి, పైన గుడ్డపేలిక చుట్టేవాడు. అందుకే ఆయన అందరికీ సబ్బు మామ అయ్యాడు. (ఆయన బట్టలు మాత్రం ఎప్పుడూ మాసే ఉండేవి. సబ్బంతా బస్సుకే అయిపోయేది మరి.) మా బాపు తాను నేసిన చీరల మూటతో వారం వారం తొర్రూరు అంగడికి ఆ బస్సులోనే, ఆ ముందు సీట్లోనే పోయేవాడు, నోట్లో వెలుగుతున్న చుట్టతో. "బాపూ, కింద పెట్రోలు కారుతాందే" అంటే, "గా కంపుకే గదరా చుట్ట తాగేది" అనేవాడు.

బాపు బస్సెక్కిన రోజు ఆయన తిరిగొచ్చేదాకా అవ్వ, అంటే మా అమ్మ, ముద్ద ముట్టేది కాదు. ఒకనాడు నన్ను నిలదీసింది. "బిడ్డా, మన వాడకట్టుల మెట్రిక్ పాసైంది నువ్వొక్కనివే. మీ బాపు చుట్ట మానడు, సేటు గొట్టం మార్వడు. బండ్లు తనిఖీ చేసే మోటార్ల సాహెబుకు అర్జీ అన్న రాయరాదు? గా సదువు ఇంకెందుకు?"

ఆ మాటకు నా ఛాతీ జానెడు ఉబ్బింది. మాకు ఉర్దూ చెప్పిన మౌల్వీ సాబు సూత్రం ఒకటుండేది: మతలబు ముందే చెప్పేవాడు జంగ్లీ, పదకొండు వరుసల దువా దీవెనల తర్వాతే అసలు సంగతి, ఎవరి మీద ఫిర్యాదు చేసినా ముందు వాళ్ల మంచి చెప్పాలి. "జనాబె ఆలీ" అని మొదలుపెట్టి పదకొండు వరుసలకు బదులు ఇరవై రాశాను. సబ్బు మామ ఓపికను, ఎన్ని తిప్పలొచ్చినా అతను బండి ఆపని తీరును ఇంకో పేజీ పొగిడాను. అప్పటికి కాగితం అయిపోవచ్చింది. పెట్రోలు సంగతి చీమ తలకాయంత అక్షరాలతో అట్టడుగున ఇరికించాను. రాసి, నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను.

పది రోజులకు సాహెబు కచేరీ జవాను వచ్చాడు. "అంగడి నాడు సాహెబు ఖుద్దు బస్సు కాడికి వస్తాండు" అని చెప్పి పోయాడు. ఇంకేముంది, వాడకట్టంతా పండగే. అవ్వ పాలకుర్తి సోమన్నకు మొక్కుకుంది. సబ్బు మామ నా చెయ్యి పట్టుకుని "అల్లుడా, నా నౌకరీ పోతదా ఏంది?" అన్నాడు. పాపం, ఆ రోజు గొట్టానికి రెండు సబ్బులు పట్టించాడు.

సాహెబు వచ్చాడు. చేతిలో పూలదండ. నేరుగా పోయి దాన్ని సబ్బు మామ మెడలో వేశాడు. "ఇంత మంచి డ్రైవర్ని చూద్దామనే వచ్చిన" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సాహెబు అంతటితో ఆగకుండా, తానూ నాలుగు మైళ్లు ప్రయాణం చేస్తానని ఎక్కి ముందు సీట్లో బాపు పక్కన కూర్చున్నాడు. సబ్బు మామ మెడలో దండతోనే బస్సు ముందుకు పోయి ఇంజను హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆ కుదుపులకు బస్సంతా ఊగింది, రెండు సబ్బులూ ఊడి, కింద నిలబడ్డ నా కాళ్ల దగ్గర పడ్డాయి. వెనకే పెట్రోలు సన్నగా కారుతోంది. పైన సాహెబు సిగరెట్టు తీసి అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు. మా బాపుకు మర్యాద ఎక్కువ. చుట్టను రెండు దమ్ములు గట్టిగా లాగి, నిప్పు ఎర్రగా చేసి, రెండు చేతులతో సాహెబు ముందుకు చాపాడు.

నేను అరవాలి. నోరు తెరిచాను. "జనాబె ఆలీ, హుజూర్ చల్లగుండాలె, మీ ఖాందాన్ చల్లగుండాలె..." అని అర్జీ వరసే వచ్చింది! సాహెబు నా వైపు చూసి నవ్వి, తల ఊపి, చుట్ట మీదికి వంగాడు. అప్పుడు విరిగింది నా చదువు. "బాపూ, పెట్రోలే!" అని ఒక్క గెంతున మెట్టెక్కి, ఆయన చేతుల్లోంచి చుట్ట లాక్కుని, ఇంజనుకు పోసే నీళ్ల డబ్బాలో ముంచేశాను. చుట్ట సుయ్‌మంది. మరుక్షణం నా చెంప కూడా మోగింది. "పెద్దమనిషి ముంగట నా ఇజ్జత్ తీస్తవారా?" అన్నాడు బాపు.

సాహెబు మాత్రం కిందికి దిగాడు. వంగి, వేలు తడిచేసుకుని, వాసన చూశాడు. ముఖం తెల్లబడింది. జేబులోంచి నా అర్జీ తీసి, ఈసారి అట్టడుగుదాకా చదివాడు. "బేటా, గీ ముక్క మొదాలే రాస్తే ఏమైతుండె?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కొత్త గొట్టం పడేదాకా బస్సు కదలొద్దని అక్కడికక్కడే హుకుం అయింది. మూడు వారాలు ఎడ్లబండ్లే గతి. తొర్రూరు పోయేవాళ్లంతా "వీని సదువు మన్నుగాను" అని నన్నే తిట్టుకున్నారు. బాపు ఆ మూడు వారాలూ బండి మీద ఊగుతూ చుట్ట తాగాడు కాని నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

రాగి గొట్టం వేసుకుని బస్సు వచ్చిన రోజు మూట ఎక్కించడానికి నేనూ పోయాను. బాపు ముందు సీట్లో కూర్చుని, చుట్ట నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల తీశాడు. గీయబోయి ఆగాడు. "ఓ సదువుకున్నోడా, జర కిందికి వంగి చూడు. ఏమన్న కారుతాందా?" అన్నాడు. వంగి చూశాను. పొడిగా ఉంది. "ఏం లేదు బాపూ" అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసి, చుట్ట తీసి చెవి సందులో పెట్టుకున్నాడు. "తొర్రూరుల దిగినంక తాగుత తియ్. మీ అవ్వకు చెప్పు, అన్నం తినుమని."

నిన్న మనవడి స్కూటరు గొట్టం కారుతోందని కంపెనీకి నేనే ఉత్తరం రాశాను. మొదటి వరుసలోనే రాశాను, "పెట్రోలు కారుతోంది" అని. కింద కాగితమంతా ఖాళీగా కనిపించింది. మనసొప్పక, మేనేజరుగారు పిల్లాపాపలతో చల్లగా ఉండాలని పదకొండు వరుసలు రాసి, నాలో నేనే నవ్వుకుంటూ అంటించాను.