బషీర్ గదిలో నా కునుకు

నిన్న నన్ను జైలుగదిలోంచి బయటికి తీశారు. అదీ రెండుసార్లు! నవ్వకండి, ముందు టీ తాగండి, చెప్తా.

మా నరసరావుపేట ఆఫీసుకి కొత్త జైలు ప్లాను పని వచ్చింది కదా. ఖైదీ మారాలంటే గదిలో గాలి, వెలుతురు ఉండాలంట. ఒంటికి దెబ్బ చేసుకోకుండా కొక్కేలు, మొనలు ఉండకూడదంట. రెండు శాంపిల్ గదులు కట్టించారు. ఒకటి నాది, ఒకటి బషీర్‌ది. ఎవరి గది నచ్చితే వాళ్లే ప్రాజెక్టు హెడ్.

బషీర్ ఎవరనుకున్నారు? స్కేలు పట్టుకోటం నేను నేర్పినోడే! ఇప్పుడు మా ఆఫీసు సార్ నోరు తెరిస్తే "బషీర్, బషీర్". అబద్ధమెందుకు, నాకు చానా కుళ్లుగా ఉంది.

సాయంత్రం జైలు ఆఫీసర్లు చూట్టానికి వస్తున్నారు. అందుకే మధ్యాన్నం అందరూ అన్నానికి పోయినాక, టేపు తీసుకుని వాడి గదిలో దూరా. ఒక్క తప్పన్నా దొరక్కపోద్దా అని. ఎనకాల తలుపు టక్కుమని పడింది. లోపల హ్యాండిలే లేదు! ఫోనేమో స్కూటర్ డిక్కీలో. గోడకి బెల్ ఉంది. అది మోగేది బషీర్ బల్ల దగ్గర, అన్నం తినొచ్చాక నొక్కినా వచ్చేది వాడే. వాడు తలుపు తీస్తే నేను బయటికి రావాలా? చచ్చినా నొక్కను!

సరేలే అని కొలవటం మొదలుపెట్టా. మూలలన్నీ గుండ్రంగా తిప్పాడు. ఎదురెదురు కిటికీలు, ఒకటే గాలి! నా అద్దె కొంపలో ఇంత గాలి ఏనాడన్నా వచ్చిందా? ఇంకా మండింది. అరుగు మీద కూర్చుని వాడిని తిట్టుకుంటా ఉన్నా. అంతవరకే గుర్తుంది.

"అన్నా... లే అన్నా."

కళ్లు తెరిస్తే బషీర్. పక్కన సార్. గుమ్మం నిండా ఆఫీసర్లు!

"ఏందయ్యా ఆనందరావూ, ఎంతసేపయింది?" అన్నాడు సార్.

"మధ్యాన్నం నుంచి సార్."

"బాగుందే, మనిషి నిమ్మళంగా నిద్రపోయాడు" అని పెద్ద ఆఫీసరు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "నాదీ చూడండి సార్! గోడలకి మన మాచర్ల నాపరాళ్లు నిలువునా పెట్టించా, గునపం కూడా దిగదు!" అని నా గదిలోకి పోయి నేనే తలుపేసుకున్నా. పడమటెండకి రాళ్లు కాగి ఉన్నాయి. చొక్కా తడిసి ముద్దయింది. ఊపిరాడట్లా. బెల్ కోసం గోడంతా తడిమా.

బెల్ పెట్టటమే మర్చిపోయా!

"బషీరూ! ఒరేయ్ బషీరూ! తలుపు తియ్యరా నాయనా!"

ఇయ్యాల పొద్దున ఆర్డరొచ్చింది. హెడ్ బషీరే. నన్నూ వదల్లేదండోయ్, వాడే సార్‌ని అడిగి మరీ పని ఇప్పించాడు. గది గదికీ తిరిగి బెల్ నొక్కి చూడాలంట!