రాఘవయ్య గారితో ఇంజను చూడబోయిన వైనం

సార్నియా నుంచి లండన్‌కి రైలు రోజుకి ఒక్కటే. ఇంగ్లండులో ఉన్న లండన్ కాదు, అంటారియోలో మాకు గంట దూరంలో ఉన్న లండన్. పొద్దున ఎనిమిదిన్నర దాటాక బయలుదేరుతుంది. అది తప్పితే ఆ రోజుకి ప్రయాణం లేదు కాబట్టి, వెళ్లదలచినవాళ్లు ముందురోజే అలారం పెట్టుకోవడం మంచిది. నేను పెట్టుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్రే పట్టలేదు.

కారణం మౌనిక వాళ్ల నాన్న రాఘవయ్య గారు. మౌనికా నేనూ ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్. క్లాసులో సగం మంది మనవాళ్లే అయిన రోజులవి. నాది కరీంనగర్, వాళ్లది బిట్రగుంట. రెండేళ్లుగా పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. రాఘవయ్య గారు విజిటర్ వీసా మీద వచ్చి, సార్నియాలోనే ఉంటున్న పెద్ద కూతురింట్లో దిగారు. మా సంగతి విని అవుననలేదు, కాదనలేదు. సెయింట్ థామస్ అనే ఊళ్లో పెద్ద ఆవిరి ఇంజను ఉందట, ఆ అబ్బాయిని తోడు రమ్మను అన్నారు.

ఆయన బిట్రగుంట స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా చేరిన కొత్తలో అక్కడ షెడ్డు నిండా ఆవిరి ఇంజన్లేనట. ఉద్యోగం టికెట్లతో, ప్రాణం ఇంజన్లతో. అమెరికాలో ఏ కంపెనీ ఏ ఇంజను ఎలా చేసిందో ఇప్పటికీ చదువుతూనే ఉంటారు. నాకేమో ఇంజను ముందుంటుందని తప్ప ఇంకేమీ తెలియదు. మౌనిక ఒక సలహా ఇచ్చింది. తల ఊపేవాళ్లంటే నాన్నకి చిరాకు, ఏదో ఒక కంపెనీని పట్టుకుని వదలకు అంది. వారం రోజులు వీడియోలు చూసి నేను లైమా కంపెనీని పట్టుకున్నాను. లైమా ఒహాయోలో ఒక ఊరు. పేరు పొట్టిగా ఉంది, మర్చిపోను అనిపించింది.

మౌనిక వాళ్ల బావ కారిస్తానన్నాడు. రాఘవయ్య గారు ఒప్పుకోలేదు. "రైలింజను చూడ్డానికి కార్లో పోతారా ఎవరన్నా?" అన్నారు.

రైలెక్కాక ఆయన కిటికీ పక్కన, నేను పక్క సీట్లో. టికెట్ వారం ముందు కొంటే చవగ్గా వస్తుంది, సీట్లు మెత్తగా ఉంటాయి, కాఫీ మాత్రం ఇంటి దగ్గరే తాగి ఎక్కండి. ఎదుటి వరసలో కూర్చున్న ఒక ముసలావిడ ఆయన్ని కెనడాకి మొదటిసారా అని పలకరించింది. రావడం మొదటిసారే గానీ కెనడాతో తన పరిచయం ఉద్యోగంలో చేరినప్పటిదని ఆయన చెప్పారు. వాళ్ల షెడ్డులో ఒక ఇంజనుకి ఇత్తడి పలక ఉండేదట. దాని మీద మాంట్రియల్, కెనడా అని చదివిన రోజునుంచీ ఈ దేశాన్ని ఒకసారి చూడాలనుకున్నారట. ఆవిడ ఎంతో సంతోషించి ఆయనకి ఒక బిస్కట్టు ఇచ్చింది.

దారిలో స్ట్రాత్రోయ్ స్టేషన్ దాటాక పరీక్ష మొదలైంది. నాకు ఏ కంపెనీ అంటే ఇష్టమని అడిగారు. లైమా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా కంపెనీ ప్రపంచమంతటికీ ఇంజన్లు పంపిందన్నారు. మన దేశానికి బుల్లెట్ ముక్కు, దాని మీద నక్షత్రం ఉన్న ఇంజన్లు మొదట చేసిచ్చింది వాళ్లే. అమెరికాలోనే స్కెనెక్టడీ అనే ఊళ్లోని కంపెనీవాళ్లు పదహారు నడిపే చక్రాల మహాకాయాన్ని చేశారు. వీళ్లిద్దరి ముందు లైమా ఎంత, చేసినవి ఎన్ని అని అడిగారు. ఎన్నో నాకు తెలియదు. వీడియోలో విన్నది అప్పజెప్పాను. ఇంజను బలమంతా పొయ్యిలో ఉంటుంది, పెద్ద పొయ్యి పెట్టి, దాని బరువు మోయడానికి వెనక రెండుకి బదులు నాలుగు చిన్న చక్రాలు వేయాలన్న ఆలోచన లైమావాళ్లదే అన్నాను.

"పొయ్యి పెద్దదైతే వంట బాగుంటదా?" అన్నారాయన. ఆ తర్వాత లండన్ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

మీ నాన్నకి కోపమొచ్చిందని మౌనికకి మెసేజ్ పెట్టాను. ఆమె కాఫీ షాపులో షిఫ్టులో ఉంది. 'గుడ్, వదలకు' అని జవాబొచ్చింది. ఆమెను నమ్మాలో వద్దో తెలియలేదు.

లండన్ నుంచి సెయింట్ థామస్‌కి రైలు లేదు. ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఒకప్పుడు అది కెనడాకే రైల్వే రాజధాని అని చెప్పుకున్న ఊరు. ఇప్పుడక్కడికి టాక్సీలోనే పోవాలి. డ్రైవరు ఒక పంజాబీ పెద్దమనిషి. దారంతా రాఘవయ్య గారు హిందీలో ఆయనతో బాధ పంచుకున్నారు. ఆయన స్టీరింగు మీద చెయ్యి తట్టి, రైలు ఉంటే మీరు నా టాక్సీ ఎందుకెక్కుతారు బావూజీ అన్నాడు.

ఆ ఇంజను ఉన్న మ్యూజియం పాత రైల్వే వర్క్‌షాపులో ఉంది. లోపల చీకటిగా, చల్లగా, నూనె వాసనతో ఉంది. ఇంజను దాని మధ్యలో నల్లగా నిలబడి ఉంది. నడిపే చక్రం ఒక్కొక్కటీ నా ఎత్తుకంటే ఎక్కువ. మాంట్రియల్ నుంచి టొరంటోకి పరుగెత్తిన బండిది. నేను నిజంగానే నోరు తెరిచాను. ఇంత ఇనుము ఒకప్పుడు కదిలిందంటే నమ్మబుద్ధి కాలేదు.

చిక్కేమిటంటే అది ఫిలడెల్ఫియాలో చేసింది కాదు, లైమాలో చేసింది కాదు. మాంట్రియల్ కంపెనీది. రాఘవయ్య గారు మాత్రం ఆ కంపెనీ స్కెనెక్టడీవాళ్ల బిడ్డేనని, అందుకే చిమ్నీ దగ్గర ఆ పోలిక ఉందని చూపించారు. నాకు ఏ పోలికా కనబడలేదు. వెనక్కి వెళ్లి చక్రాలు లెక్కపెట్టాను. చిన్న చక్రాలు ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు ఉన్నాయి.

"అంకుల్, ఇది లైమావాళ్ల ఆలోచనే," అన్నాను.

ఆయన వచ్చి వంగి చూశారు. అటువైపు వెళ్లి మళ్లీ లెక్కపెట్టారు. అటు కూడా రెండు ఉన్నాయి. మధ్యాహ్నం బయట బెంచీ మీద కూర్చుని మౌనిక వాళ్లక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం. నాకు పెట్టిన దాంట్లో జీడిపప్పు తక్కువగా ఉందనిపించింది.

తిని లోపలికి వచ్చేసరికి అక్కడి వాలంటీరు, డెబ్బై దాటిన ఆవిడ, మా దగ్గరికొచ్చి ఎలా ఉందని అడిగింది. అద్భుతమన్నాం. ఆవిడ పెదవి విరిచింది. తనకైతే డీజిల్ ఇంజన్లే ఇష్టమట. వాళ్ల నాన్న ఆవిరి ఇంజన్ల మీద పనిచేసి ఇంటికొస్తే, వాళ్లమ్మ పెరట్లోనే బట్టలు విప్పించి బకెట్టు నీళ్లు పోసేదట. డీజిల్ వచ్చాకే ఆయన ముఖం అసలు రంగు ఇంట్లోవాళ్లకి తెలిసిందట.

రాఘవయ్య గారి ముఖం ఎర్రబడింది. "మేడమ్, డీజిల్ ఈజ్ బాక్స్. ఓన్లీ బాక్స్," అన్నారు. ఆ పైన ఇంగ్లీషు సాగలేదు. రెండుసార్లు గాల్లో చేతులు తిప్పి, నా భుజం పట్టుకుని ముందుకు నెట్టారు. "మై సన్-ఇన్-లా విల్ ఎక్స్‌ప్లెయిన్."

నేను చదివిందంతా ఆ క్షణంలో మర్చిపోయాను. కంగారులో బుల్లెట్ ముక్కు గురించి, నక్షత్రం గురించి, ఫిలడెల్ఫియా అందం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వెనకనుంచి తెలుగులో పొయ్యి సంగతి చెప్పు, లైమా పొయ్యి సంగతి చెప్పు అని పొడుస్తున్నారు. ఎవరు ఏ కంపెనీ వైపో మా ఇద్దరికీ తెలియకుండా పోయింది. ఆవిడ చాలాసేపు ఓపికగా విని, చివరికి నవ్వి, పైకెక్కుతారా అని అడిగింది.

అప్పుడు తెలిసింది, రాఘవయ్య గారు తన జీవితంలో ఎప్పుడూ ఇంజను ఎక్కలేదని. బుకింగ్ క్లర్కుని డ్రైవర్లు ఎందుకెక్కించుకుంటారు అన్నారు. మెల్లగా మెట్లెక్కి డ్రైవరు సీట్లో కూర్చుని, పొడుగాటి లీవరు మీద చెయ్యి వేశారు. ఏ కంపెనీ మాటా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడ వచ్చి మూసే వేళైందని చెప్పేదాకా అలాగే కూర్చున్నారు.

తిరుగు రైలు లండన్‌లో ఎనిమిది దాటాక ఎక్కాం. జూన్ నెల కావడంతో ఇంకా వెలుతురుంది. కిటికీ బయట మొక్కజొన్న మొలకలు బారులు తీరి ఉన్నాయి. ఇంజన్లలో ఏది గొప్పదో తేల్చుకోవడానికి ఎవరైనా సెయింట్ థామస్ వెళ్తే తేలదని మాత్రం చెప్పగలను. అయినా వెళ్లండి. దాని పక్కన నిలబడితే మనిషికి వాదించాలనిపిస్తుంది, కాసేపటికి వాదన మర్చిపోవాలనిపిస్తుంది.

సార్నియా దగ్గరపడుతుంటే రాఘవయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"మధ్యాహ్నం అక్కడ సన్-ఇన్-లా అన్నానని ఏదో అనుకోబాక. కాబోయే అనే మాటకి ఇంగ్లీషు తట్టలేదు నాకు."

ఆ మాటకి ఇంగ్లీషు నాకు తెలుసు. కానీ చెప్పలేదు.