గుమ్మానికి కట్టిన మైకు

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టడం మానేసి ఈరప్ప పెళ్ళిళ్ళకు వీడియో తీయడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. పెళ్ళివారి మాటలన్నీ తుడిచేసి, క్యాసెట్టు పొడుగునా సినిమా పాటలు ఎక్కించడం అతని పద్ధతి. ఆ ఊళ్ళో వీడియో తీసే అందరి పద్ధతీ అదే. బ్యాండు మోతలో మాటలు ఎటూ వినబడవు కదా అనేవాడు.

చూపు పోయిన తల్లి బయమ్మ ఒకనాడు టీవీ పక్కన కూర్చుని అంది: "అన్ని పెండ్లిండ్లకూ అవే పాటలు ఏస్తావు. ఇది ఎవురి పెండ్లో నాకెట్ల తెలిసేదిరా నాయనా?"



పాత కెమెరా మొరాయిస్తుంటే కొత్తది కొనడానికి బెంగళూరు బస్సెక్కాడు. మనసంతా భుజాన మోసే పెద్ద కెమెరా మీదే. అది భుజాన ఉంటేనే జనం పిలుస్తారు మరి. అయినా తల్లి మాట గుర్తొచ్చి, అంగట్లో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఫ్యాను వేయించి, అంగడాయన్ను దూరంగా నిలబెట్టి మాట్లాడించాడు. పెద్దదానిలో ఫ్యాను గాలి, క్యాసెట్టు తిరిగే గరగర ముందుకొచ్చి మాట వెనకబడింది. చిన్న కెమెరాకు మైకు తగిలించే రంధ్రం ఉంది. కాలరుకు పెట్టుకునే మైకును పొడుగాటి వైరుతో దానికి కలిపి, అదే మాట మళ్ళీ అనిపించాడు. చెవి దగ్గర చెప్పినట్టే ఉంది. తెచ్చిన డబ్బు పెద్ద కెమెరాకు సరిపోతుంది, లేదా చిన్నదానికీ మైకుకూ హెడ్‌ఫోనుకూ కలిపి. తటపటాయించి తటపటాయించి చిన్నదే తీసుకున్నాడు. తిరుగు బస్సులో ఊరు దగ్గరయ్యేకొద్దీ, ఇంత చిన్నదాన్ని చూసి జనం ఏమంటారో అని భయం పట్టుకుంది.

భయపడినట్టే అయింది. కుళ్ళాయప్ప పెద్దకొడుకు పెళ్ళికి వెళితే ఆయన ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా ఈరప్పా, నీ కెమెరా పిల్ల పెట్టిందా? తల్లిని యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?"

పందిరంతా నవ్వింది.

"బాగ రాకుంటే మా చిన్నోని పెండ్లికి బళ్ళారోళ్ళను పిలుస్తా, చూసుకో!"

కొత్త కోడలు ప్రసూన ఇంట్లోకి అడుగుపెట్టే వేళకు ఈరప్ప మైకును గుమ్మానికి, మామిడాకుల తోరణంలో కట్టేశాడు. పెళ్ళికొడుకు అక్క వనజాక్షి గడపకు అడ్డం నిలబడి, మొగుని పేరు చెప్పమంది. బయట బ్యాండు దడదడలాడుతోంది. ప్రసూన పెదవులు కదిలాయి. వనజాక్షి తప్ప ఎవరూ విన్నట్టు లేదు. హెడ్‌ఫోను పెట్టుకున్న ఈరప్ప మాత్రం ఫక్కున నవ్వాడు.

క్యాసెట్టు ఎట్లా వచ్చిందో చూద్దామని కుళ్ళాయప్ప తానే ఈరప్ప ఇంటికి వచ్చాడు. టీవీలో గడప దగ్గరి ఘట్టం వచ్చింది. పాట లేదు. బ్యాండు ఎక్కడో దూరాన. తోరణం కింద ప్రసూన గొంతు:

"ఎంకటరాముడూ నేనూ వచ్చినాం. దోవ ఇడువు వదినా, బండ మింద కాళ్ళు కాల్తాండాయి!"

కుళ్ళాయప్ప ముందుకు వంగాడు. "మా కోడలేనా? ఇంట్లో నోరే ఇప్పదే! ఇంగోసారి ఎయ్యప్పా."

ఈరప్ప వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. గోడకానుకుని కూర్చున్న బయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఎంకటరామునిదా పెండ్లి! ఆ పాపకు దోవ ఇడవమని చెప్పండప్పా, ఎంతసేపు నిలబెడతారు ఎండలో?"

కుళ్ళాయప్ప లేచి చెప్పులు వేసుకుంటూ, "చిన్నోని పెండ్లికి ఆ పిల్ల కెమెరానే ఎత్తుకొని రా. తల్లి వద్దులే," అన్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, బయమ్మ కొడుకు వైపు చెయ్యి చాచింది. "ఇంగోసారి ఎయ్యిరా, నాయనా."