పదిహేడో నంబరు

వయసు రాకముందే వాలంటరీగా రిటైరయ్యాను కదా అని మా అమ్మాయి నాకో బహుమతి ఇచ్చింది. చింతపల్లి కొండల్లో శని, ఆదివారాలు హోటల్లో బస. "అమ్మా, నువ్వు చదువుకున్న మిషను హాస్టలేనే అది! ఇప్పుడు బొటీక్ హోటల్ చేశారు. అచ్చం ఇంగ్లండులో ఏదో పాత ఊళ్ళో దిగినట్టుంటుందట," అంది. పార్వతీపురంలో ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు వద్దని ఒక్క మాట అనలేకపోయింది. వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి మరి.

శనివారం మధ్యాహ్నం దిగాం. ఒకప్పుడు మేం వరసగా చాపలేసుకుని పడుకున్న పొడుగాటి హాలుని నాలుగు గదులు చేశారు. ఒక్కో గదికీ ఒక ఇంగ్లీషు ఊరి పేరు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది, మా పాత హాజరు పట్టీలోంచి ఓ కాగితం తీసి, అద్దం కట్టి మరీ గోడకి తగిలించారు. మా అమ్మాయి ముచ్చటపడి ఫొటో తీసుకుంది. నేను కళ్ళజోడు సవరించుకుని, ముందుగా అది ఏ సంవత్సరానిదో చూశాను. మా ఏడు కాదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆరింటికి గంట కొట్టారు. ఒకప్పటి మా ప్రార్థన గంటే అది. ఇప్పుడు టీకి పిలవడానికి కొడతారట. వరండాలో కూర్చున్న నా నోరు దానంతటదే "ప్రెజెంట్ సిస్టర్" అనేసింది. మా అమ్మాయి పకపకా నవ్వి, "ఇంకా హాస్టల్ పిల్లవేనమ్మా నువ్వు!" అంది. నేనన్నది నా గొంతుతో కాదు. నలభై ఏళ్ళ కిందట ఆఖరిసారి పెట్టిన దొంగ గొంతుతో.

అప్పట్లో వార్డెన్ సిస్టర్ సాయంత్రం ప్రార్థనయ్యాక నంబర్లతో హాజరు పిలిచేది. తలెత్తేది కాదు, లాంతరు వెలుగులో టిక్కులు పెట్టుకుంటూ పోయేది. నాది పదహారు. పదిహేడు నా దుప్పటి జత. ఆ కొండ మీద వానాకాలం కూడా చలే, ఇద్దరికో దుప్పటి ఇచ్చేవారు. ఆ పిల్లది గెడ్డ అవతలి ఊరు. గెడ్డంటే కొండవాగు. నిద్రలో దుప్పటంతా లాగేసుకునేది, నేను గిల్లేదాన్ని.

వాళ్ళమ్మకి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. సెలవడిగితే సిస్టర్ ఇవ్వనంది. "సెల్లిని సూసి బేగి వచ్చేత్తాను. తెల్లారి ప్రార్థనకి ఉంటాను. నా నంబరు నువ్వు పలికేయే," అని నా చెయ్యి పట్టుకుంది. ఒకరికొకరం గొంతు మార్చి పలకడం మాకు మామూలే. అది గోడ దూకి వెళ్ళిన కాసేపటికే కుండపోత. రేకుల మీద ఆ చప్పుడులో సిస్టర్ పదిహేడు అంది. నేను పలికాను. టిక్కు పడింది. లేదని చెప్పుంటే అప్పుడే లాంతర్లు పట్టుకుని పొంగుతున్న గెడ్డకి పరిగెత్తేవారు.

తెల్లారినా రాలేదు. వాళ్ళయ్య వచ్చి ఇంటికి రాలేదన్నాడు. సిస్టర్ నన్ను నిలబెట్టి అడిగింది. మా నాన్న చర్చిలో పాస్టరు. అబద్ధం బయటపడితే నన్ను పంపేస్తారు, ఆయన పరువు పోతుంది. "రాత్రి నా పక్కనే పడుకుంది సిస్టర్. లేచేసరికి లేదు," అన్నాను. ఇంకేం, గెడ్డ వైపు ఎవరూ పోలేదు. పొద్దున్నే దిగువకి వెళ్ళిన సర్వీసు జీపులో ఎక్కి పోయిందనుకుని దాని వెంట పడ్డారు. నాలుగు రోజులకి, ఎవడితోనో లేచిపోయిందన్నారు. నేను నోరు మూసుకున్నాను.

ఆదివారం పొద్దున్న కాఫీ తెచ్చినావిడకి నలభై ఏళ్ళుంటాయి. "మీరిక్కడ సదివినారంట గదమ్మా. మా అప్ప కూడా ఇక్కడే సదివింది. నాను పుట్టిన వారంలోనే ఎవుడితోనో ఎల్లిపోనాది. దాని రేకు పెట్టి మీద పదిహేడని రాసుంటాది. మాయమ్మ ఇప్పటికీ దాన్ని ముట్టుకోనీదు," అంది.

కాఫీ నా చీర మీద ఒలికిపోయింది. "అయ్యయ్యో, ఏటైనాదమ్మా?" అంటూ తుడవబోయింది. మీ అమ్మ ఉందా అని అడిగాను.

"ఉంది. రోజూ జీపొచ్చే యాలకి రోడ్డు మీద కూకుంటాది. మాకాడ సచ్చినోళ్ళకి రాయి పాతుతారు గదా, ఆళ్ళ జీవుడికి అదే ఇల్లని. మా అప్పకి పాతనీదు. బతికున్నదానికి రాయేటి అంటాది. మళ్ళీ ఆ నోటితోనే, పరువు తీసిన ఆడగుంటని తిడతాది."

ముసలమ్మ ఆశ మీద బతుకుతోంది, అది కూడా నేనే తెంచాలా అని నాకో సాకు దొరికింది. మధ్యాహ్నం కారెక్కేస్తే పోలా? ఛీ, పాడు మనసు! నలభై ఏళ్ళుగా దానికి సాకులకేం కరువు లేదు. "నన్ను మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళు," అన్నాను.

గెడ్డ మీద ఇప్పుడు వంతెన వేశారు. కింద మోకాల్లోతు నీళ్ళున్నాయి. దాటుతున్నంతసేపూ నా పక్కన ఇంకెవరో నడుస్తున్నట్టే ఉంది. రెండుసార్లు తిరిగి చూశాను.

ముసలమ్మ ఇంటి ముందు చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, టిక్కు దగ్గర్నుంచి జీపు దాకా అంతా చెప్పేశాను. చేట ఆగిపోయింది.

"ఎవుడితోనూ ఎల్లనేదా?"

"లేదమ్మా. పసిపిల్లని చూడ్డానికి మీ దగ్గరికే బయల్దేరింది."

"వానలోనా?"

"వానలోనే."

తిడుతుందనుకున్నాను. చేటతో కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండు. ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"నా కాడికే వత్తందే అది. నలబై ఏళ్ళు నా గుంటని తిట్టుకున్నానే, తల్లీ! ఎల్లండి. బేగి రాయి తెండి. వానలో తడుస్తన్నాది నా గుంట."