ముందెక్కినవాళ్లు చివర దిగే గుట్ట

కరోనా తగ్గిన రెండో ఏడు, వానాకాలం చివర్లో, నన్ను కోదాడ నుంచి మిర్యాలగూడలోని ఒక కళాశాలకు ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ చేశారు. బడిలో పీఈటీ అంటారు, కళాశాలలో పీడీ అంటారు. హోదా పెరిగినా మెడలో విజిల్ మాత్రం అదే. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. మైదానంలో పల్లేరు పీకించుకుంటూ, హాజరు సంతకాలు పెట్టుకుంటూ రోజులు వెళ్లదీద్దామనుకున్నాను. అంతలో సైదమ్మ తగిలింది.

సైదమ్మ ఆ పట్టణంలో పోలీసు కానిస్టేబుల్. ముప్పై దాటిన మనిషి. అత్తగారిది ఆత్మకూర్ (ఎస్) అవతల గుట్ట కింద ఉన్న చిన్న పల్లె. ఆమె శాఖ తరఫున మారథాన్ జట్టులో ఉండేది. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు పరుగు. అంతకుముందు ఏడు హైదరాబాదులో ముప్పయ్యో కిలోమీటరు దాటాక రోడ్డు పక్కన కూర్చుని మళ్లీ లేవలేదట. ఈసారీ పూర్తి చేయకపోతే జట్టులోంచి పేరు తీసేస్తామని పైఅధికారి చెప్పాడు. పేరు పోతే, సాధన కోసం పొద్దున పూట డ్యూటీలో ఇచ్చే మినహాయింపు కూడా పోతుంది. శిక్షణ ఇవ్వమని మా మైదానానికి వచ్చిన మొదటిరోజే నాతో ఒక మాట చెప్పింది.

"ఉరుకుడు బందైతే నాకు ఊపిరాడది మేడం."

ఆ మాట విన్నాక కాదనడానికి నాకు నోరు రాలేదు. తెల్లారి నుంచే కాలవ కట్ట మీద మొదలుపెట్టాం. మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా వరి, కాలవ, రైసుమిల్లులు. ఎత్తు మీద పరుగు నేర్పాలంటే రైలు పట్టాల మీది రోడ్డు వంతెన ఎక్కించాల్సిందే. మంగళవారం వేగపు పరుగు. ఆదివారం లాంగ్ రన్, అంటే పక్కమనిషితో ముచ్చట పెట్టగలిగేంత తాపీగా చేసే దూరపు పరుగు. మిగతా రోజులు తేలిక. పోటీకి మూడు వారాల ముందు వచ్చే ఆదివారం అన్నిటికన్నా పొడుగైన పరుగు పెట్టి, అక్కడి నుంచి తగ్గించుకుంటూ వస్తాం. ఆ ఒక్క వారాన్ని ఎవరు కదిలించినా నాకు ఒళ్లు మండుతుంది. సరిగ్గా ఆ వారమే, గురువారం ఊళ్లో గుట్ట పరుగు ఉంది, పోవాలి అంటూ వచ్చింది సైదమ్మ.

ఏటా చలికాలంలో గుట్ట మీది మల్లన్న దగ్గరికి ఆ ఊళ్లో ఇంటికొకరు ఉరుకుతారు, మిగతావాళ్లు వెనక మెల్లగా ఎక్కుతారు. వాళ్లింటి నుంచి ఎప్పుడూ ఆమె భర్త ఉరికేవాడు. ఆ ఏడు ట్రాక్టరు మీంచి పడి కాలికి సిమెంటు కట్టుతో ఉన్నాడు. మనిల్లు తప్పితే ఎట్ల అని అత్త ముత్తమ్మ పట్టుబట్టింది. పొమ్మంటే నా ఆదివారం పోతుంది, వద్దంటే ఆమెకు అత్తింట్లో మాట పోతుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక దారి చూశాను. మంగళవారం వేగపు పరుగు కొట్టేసి దాని బదులు గుట్టను పెట్టాను. బుధవారం తేలిక, శుక్రవారం పూర్తి విశ్రాంతి. ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. ఎక్కేటప్పుడు ఖర్చయ్యేది ఊపిరి, అది కాసేపటికి తిరిగొస్తుంది. ఉరుకుతూ దిగేటప్పుడు మాత్రం అడుగడుగునా ఒంటి బరువును తొడలే పట్టి ఆపాలి. ఆ నొప్పి రెండోరోజుకు ముదిరి ఆదివారం దాకా వదలదు. ఎలా ఎక్కుతావో ఎక్కు, దిగేటప్పుడు మాత్రం నడిచి దిగు అన్నాను.

అది కుదరదంది. పైన బండారు, అంటే మల్లన్న పసుపు, నుదుట పెట్టించుకున్నవాళ్లు వెంటనే ఉరుక్కుంటూ దిగి తమ ఇంటి గడప తొక్కాలట. నడిచి దిగే హక్కు ఒక్కరికే ఉంది, అందరికన్నా ముందు ఎక్కినవాళ్లకు. వాళ్లు పళ్లెం పట్టుకుని పైనే ఉండి, గుట్ట మీద కాలు పెట్టిన ప్రతి మనిషికీ బండారు పెట్టి, ఆఖరున దిగాలి.

"అయితే నువ్వే ముందెక్కు" అన్నాను. ఉరికేవాళ్లలో సగానికి పైగా మగవాళ్లు. సైదమ్మ మాత్రం సంతలో కూరగాయలు తెమ్మన్నంత తేలిగ్గా తలూపింది.

గురువారం నేనూ సూర్యాపేటలో బస్సు మారి ఆ ఊరు చేరాను. డప్పు మోగగానే మగపిల్లలు గుంపుగా ముందుకు దూసుకుపోయారు. సగం దాటాక దారి పోయి బండలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగిపోతున్నారు. సైదమ్మ అడుగు మాత్రం మొదట ఎంత చిన్నదో అక్కడా అంతే చిన్నది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆకాశంలోకి నడుస్తున్నట్టే పోయి అందరికన్నా ముందు పైకి చేరింది. ఉద్యోగమంతా పరుగులు చూస్తూనే బతికినదాన్ని, నోరు తెరిచి చూస్తూ విజిల్ సంగతే మరిచిపోయాను.

నుదుట పసుపుతో జనం దుమ్ము లేపుకుంటూ దిగుతున్నారు. సైదమ్మ జాడ లేదు. ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ఎండెక్కింది. గట్టిగా ఉరికి అలా నిలబడిపోతే పిక్కలు బిగుసుకుంటాయి, పైగా నీళ్లు లేవు. నాకు ఆగబుద్ధి కాలేదు. నీళ్ల సీసా పట్టుకుని గబగబా గుట్ట మీదికి నాలుగడుగులు వేశాను. వెనక నుంచి ముత్తమ్మ గొంతు వినిపించింది.

"పంతులమ్మా, కాలు పెడితివి. ఇగ నువ్వు ఎక్కేదాక నా కోడలు దిగరాదు."

వెనక్కి వచ్చేస్తానన్నాను. పెట్టిన కాలు మళ్లించరాదని పక్కనున్న పెద్దాయన తేల్చేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. బండకొకసారి కూర్చుంటూ, నన్ను నేను తిట్టుకుంటూ ఎక్కాను. ఆమె కష్టం తగ్గిద్దామని బయల్దేరినదాన్ని నేనే, ఆ ఏడు అందరికన్నా ఆఖరిదాన్ని అయ్యాను.

నన్ను చూడగానే సైదమ్మ పళ్లెంతో పది అడుగులు ఎదురొచ్చింది. వచ్చిన ప్రతి మనిషికీ అలాగే ఎదురొచ్చిందట. అందుకే పిక్కలు బిగుసుకోలేదు. ముఖంలో విసుగు లేదు, గెలిచానన్న గీర లేదు. మొదటి మనిషికి ఎంత శ్రద్ధగా పెట్టిందో నాకూ అంతే శ్రద్ధగా నుదుట బండారు అద్దింది. దూరంగా సూర్యాపేట మేడలు, హైవే మీద చీమల బారులా లారీలు, మధ్యలో అంతులేని పొలాలు. ఆ ఎత్తున ఆమె పక్కన నిలబడితే నాకు భయం లాంటి గౌరవం కలిగింది. నా విద్యార్థి అని చెప్పుకోవడానికి కూడా జంకు పుట్టింది.

"నీళ్లు తెచ్చిన్రా మేడం?" అంది.

సీసా చూపించాను. దారిలో మొత్తం నేనే తాగేశాను. ఆమె పడీపడీ నవ్వింది. ఇద్దరం నడిచే దిగాం. ఆఖరిదాన్నైనా ముందెక్కినామె చెయ్యి పట్టుకుని దిగుతున్నానని నన్నెవరూ ఉరకమనలేదు.

ఆదివారం మాడుగులపల్లి వైపు కాలవ కట్ట మీద పొడుగు పరుగు. నేను స్కూటీ మీద వెనకే ఉన్నాను. తొడలు బాగానే ఉన్నాయి. ముప్పై కిలోమీటర్లు దాటాక అడుగు బరువెక్కింది, భుజాలు వాలాయి. హైదరాబాదులో కూర్చుండిపోయింది ఇలాంటి చోటే. కూర్చుంటుందేమోనని స్కూటీని ఇంకాస్త దగ్గరికి పోనిచ్చాను. ఆమె కూర్చోలేదు. మెల్లగా, ఎవరికో ఎదురెళ్తున్నట్టు, చివరి దాకా పోయింది. ఊపిరి కుదుటపడ్డాక, ఈసారి ఎలా ఆగకుండా వచ్చావని అడిగాను.

"గుట్ట మీద అందరొచ్చేదాక ఆగిన గద మేడం. గీడ నేనొక్కదాన్ని వస్తె సాలు."

మూడు వారాల తర్వాత హైదరాబాదులో మారథాన్ పూర్తి చేసింది. పతకమేమీ రాలేదు. జట్టులో పేరు ఉంది, పొద్దున పరుగూ ఉంది.

నేను రిటైరై కోదాడ చేరాను. గుట్టను వేగం కోసమని వారంలో ఇరికించాను, ఆమెకది ఆఖరి దూరాన్ని ఓర్చుకోవడం నేర్పింది. అంతదాకా ఊరి పనులను శిక్షణకు అడ్డంగానే లెక్కేసేదాన్ని. ఇప్పటికీ దూరపు పరుగుల కోసం ఎవరో ఒకరు వారం ప్రణాళిక వేయమని వస్తుంటారు. ఇంతకుముందు ఎన్ని కిలోమీటర్లు ఉరకగలవని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందుగా, ఈ వారం మీ ఇంట్లో ఏముందని అడుగుతున్నాను.