నలభై రెండుకు ఎనిమిది నెలలు

మా నాన్న బట్టల కొట్టులో నాకు నేర్పిన మొదటి విద్య, చెప్పిన ధరను నమ్మకపోవడం. సౌదీకి వచ్చేటప్పుడు నా వయసునూ అలాగే బేరమాడాను. కంపెనీ వాళ్లకు కుర్రవాళ్లే కావాలట. పాస్‌పోర్టులో మూడేళ్లు తగ్గిస్తానన్న ఏజెంటుతో పోట్లాడి నాలుగేళ్లు తగ్గించుకున్నాను.

హుఫూఫ్‌లో మా క్యాంపు పక్క సెలూన్‌ను ఒక సిరియా అతను నడిపేవాడు. వాళ్ల దేశంలో అంతర్యుద్ధం. నలభై రెండేళ్లు నిండని మగవాడు సరిహద్దులో దొరికితే సైన్యంలోకి లాక్కుపోతారు. అతనికి ఇంకా ఎనిమిది నెలలు తక్కువ. అక్కడ తల్లి మంచం పట్టింది. ఆమెతో తరచుగా నా ఫోన్‌లోనే మాట్లాడేవాడు. నా వచ్చీరాని అరబ్బీతో, 'సదీక్', అంటే దోస్తు, అని పిలుస్తూ అతనికి సలహాలిచ్చేవాణ్ణి.

"ఎనిమిది నెలలకే భయపడతవా సదీక్? గడ్డానికి రంగెయ్యకు. తెల్లగ కనవడితే వాళ్లే పొమ్మంటరు."

"వాళ్లు గడ్డం చూడరు. కాగితం చూస్తారు."

"కాగితమెంత? నా కాగితంల నేను నీకన్న చిన్నోణ్ణి!"

అద్దంలో నా బట్టతల చూసి, చేతిలోని కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నిన్ను కన్నది మీ అమ్మా, ఆ ఏజెంటా?"

నేను వదలలేదు. చీర నచ్చక లేవబోయే గిరాకీని కూర్చోబెట్టినట్టు, రోజూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఒకరోజు, "నువ్వు ఆగుతవు, మీయమ్మ ఆగుతదా?" అన్నాను. అతను నవ్వలేదు. రెండు వారాల్లో, నెరిసిన గడ్డంతో బయలుదేరాడు.

తర్వాత అతని చెల్లెలు ఫోన్ చేసింది. సరిహద్దులోనే బస్సు దింపి తీసుకుపోయారట. "అమ్మకు చెప్పలేదు. ఇంకా సౌదీలోనే ఉన్నాడని మీరూ చెప్పండి" అంది.

శుక్రవారం శుక్రవారం ఆ తల్లి ఫోన్ చేసేది. గిరాకీ ఎక్కువుందనో, నిద్రపోతున్నాడనో చెప్పేవాణ్ణి. అబద్ధమాడడం నాకు కొత్తా? కానీ ఫోన్ పెట్టేశాక, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయేది. అతని గురించి ఏ కబురూ రాలేదు.

ఒక శుక్రవారం ఆమె గొంతు హుషారుగా ఉంది.

"వాడికి నలభై రెండు నిండాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నా. ఎప్పుడు బయలుదేరుతాడు?"

"సెలవు దొరకాలె అమ్మా. వీసా ఇచ్చిన కఫీల్ సంతకం పెట్టాలె."

"ఎన్నాళ్లు?"

"రెండు నెలలు."

"నెల చెయ్యి నాయనా. రెండు నెలలు నేనుండను."



"సరే అమ్మా. నెల."